ట్రిస్టన్ ద కున్యా జనం 1963లో ఎందుకు తిరిగి వెళ్ళారు?

మీరు అడిగినవి మూడు. దక్షిణ అట్లాంటిక్ మధ్యలో, ఏ ఖండానికీ అందనంత దూరంలో ఉన్న ట్రిస్టన్ ద కున్యా దీవికి మనుషులు అసలు ఎలా చేరారు? 1961లో అగ్నిపర్వతం పేలాక ఇంగ్లండ్ వెళ్ళినవాళ్ళు కరెంటు, టీవీ, ఉద్యోగాలు అన్నీ ఉన్న దేశాన్ని వదిలి మళ్ళీ ఆ రాళ్ళ మీదికే ఎందుకు వెళ్ళారు? ఇప్పుడు మనలాంటివాళ్ళు అక్కడికి వెళ్ళి ఉండొచ్చా? రెండో ప్రశ్నకు ఇక్కడ చాలామంది "పుట్టిన గడ్డ మీద మమకారం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మమకారం లేదని నేననను. కానీ అది ఒక్కటే కారణమైతే, 1857లో అదే ఊరి జనంలో సగానికి పైగా ఎందుకు వెళ్ళిపోయారు? దానికి ఆ జవాబు సరిపోదు.

నేను సరుకు ఓడల్లో డెక్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ దీవి చరిత్ర చదవడం నాకు పాత అలవాటు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ ఊరి కథ అర్థం కావాలంటే ఊరిని కాదు, దాని పక్కనుంచి వెళ్ళిన ఓడల్ని చూడాలి. ఓడల దారి మారినప్పుడల్లా ఊరి తలరాత మారింది.

ముందు మ్యాప్ తెరవండి. దీవి దాదాపు 37 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. కేప్‌టౌన్ సుమారు 2,800 కిలోమీటర్లు, మనుషులుండే మరో దగ్గరి చోటు సెయింట్ హెలీనా సుమారు 2,400 కిలోమీటర్లు. దీవి అంటే సముద్రంలోంచి లేచిన ఒకే ఒక్క అగ్నిపర్వతం. ఈ చివరి నుంచి ఆ చివరికి పన్నెండు కిలోమీటర్లు, ఎత్తు 2,062 మీటర్లు. చుట్టూ నిటారు కొండచరియలు. వాయవ్య మూల చరియల కింద ఒక సన్నటి పచ్చిక మైదానం ఉంది. ఊరు అక్కడే.

ఇప్పుడు తెరచాప ఓడల కాలపు దారి గీయండి. యూరప్ నుంచి ఇండియాకో, తూర్పు దీవులకో వెళ్ళే ఓడ ఆఫ్రికా పశ్చిమ తీరం వెంబడే దిగితే ఎదురుగాలికి చిక్కుతుంది. అందుకని భూమధ్యరేఖ దాటాక గాలిని బట్టి బ్రెజిల్ వైపు వాలి, అక్కడి నుంచి దక్షిణానికి దిగి, 35-40 డిగ్రీల మధ్య వీచే బలమైన పడమటి గాలిని పట్టుకుని తూర్పుకు తిరిగేది. ఆ మలుపు దగ్గరే ఈ దీవులున్నాయి. ఇప్పుడు మారుమూల అంటున్నాం గానీ, అప్పట్లో ఇది పెద్ద సముద్ర మార్గానికి ఆనుకుని ఉన్న చోటు. 1506లో పోర్చుగీసు నావికుడు ట్రిస్టావ్ ద కున్యా దీన్ని చూసిందీ ఆ దారిలోనే. అలల వల్ల దిగలేక, పేరు మాత్రం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు ఎవరూ స్థిరపడలేదు. 18వ శతాబ్దం చివర్లో సీల్ అనే సముద్ర జంతువుల తోళ్ళ కోసం అమెరికన్ వేటగాళ్ళు వచ్చారు. 1811లో జొనాథన్ లాంబర్ట్ అనే అమెరికన్ ఈ దీవులు తనవేనని ప్రకటించుకుని, దారిన పోయే ఓడలకు కూరగాయలు, నీళ్ళు అమ్మి బతకొచ్చని లెక్కవేశాడు. ఆలోచన మంచిదే. మరుసటి ఏడే సముద్రంలో మునిగి చనిపోయాడు.

ఊరు పుట్టడానికి దారితీసింది మాత్రం నెపోలియన్ అనే చెప్పాలి. 1815లో ఆయన్ని సెయింట్ హెలీనాలో బంధించారు. తప్పించడానికి ఎవరైనా ట్రిస్టన్‌ను స్థావరంగా వాడుకుంటారేమోనని, అంతకుముందు అమెరికాతో జరిగిన యుద్ధంలో శత్రువుల ఓడలు ఇక్కడ తిష్ఠ వేశాయన్న అనుభవంతో, బ్రిటన్ 1816 ఆగస్టులో దీవిని కలుపుకుని చిన్న సైనిక దళాన్ని దించింది. ఏడాది తిరిగేసరికి ఇదంతా దండగ ఖర్చని తేలి, దళాన్ని వెనక్కి రమ్మన్నారు. స్కాట్లండ్‌లోని కెల్సోకు చెందిన కార్పొరల్ విలియం గ్లాస్ మాత్రం ఉండిపోతానన్నాడు. తోడుగా కేప్ కాలనీకి (ఇప్పటి దక్షిణాఫ్రికాలో అప్పటి బ్రిటిష్ వలస ప్రాంతం) చెందిన భార్య మరియా, ఇద్దరు పిల్లలు, శామ్యూల్ బర్నెల్, జాన్ నాన్‌కివెల్ అనే ఇద్దరు తాపీ మేస్త్రీలు.

ఇక్కడ కాస్త ఆగాలి. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైన వస్తువు ఒక కాగితం. 1817 నవంబరు 7న ఆ ముగ్గురు మగవాళ్ళూ ఒక ఒప్పందం రాసుకున్నారు. పశువులు, సామగ్రి అందరివీ. లాభాలు సమానంగా పంచుకోవాలి, ఖర్చులూ సమానంగా భరించాలి. ఎవరూ ఎవరి మీదా పెత్తనం చెయ్యకూడదు, అన్నిటా అందరూ సమానులే. సైన్యంలో ఆజ్ఞల కింద బతికిన కార్పొరల్ ఇలాంటిదానికి ఒప్పుకోవడం చిత్రమే. ఆ కాగితం ఇప్పటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అది మాటల వరకే మిగిలిందా అంటే, లేదు. ఈనాటికీ దీవిలో భూమి ఉమ్మడిదే, బయటివాళ్ళకు అమ్మరు. ఒక కుటుంబం ఎన్ని పశువులు పెంచుకోవాలో పరిమితి ఉంది. మేత మైదానం చిన్నది కాబట్టి ఒకడు ఎక్కువ మేపితే ఇంకొకడి ఆవు పస్తుంటుంది. సూత్రం వెనక ఇలాంటి కూడు లెక్క ఉంది కాబట్టే అది నిలబడిందని నా నమ్మకం.

మెల్లగా ఊరు పెరిగింది. ఓడ బద్దలై చేరినవాళ్ళు కొందరు, ఓడ దిగి ఉండిపోయినవాళ్ళు కొందరు. 1820ల మధ్యకు వచ్చేసరికి పెళ్ళికాని మగవాళ్ళు ఐదుగురు పోగయ్యారు. ఓడ కెప్టెన్ ఒకరిని బతిమాలి సెయింట్ హెలీనా నుంచి పెళ్ళికి ఇష్టపడే ఆడవాళ్ళను తీసుకురమ్మన్నారు. 1827లో ఆయన నిజంగానే తీసుకొచ్చాడు. ఆ ఆడవాళ్ళ గురించి చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళ కోసం, చూడని దీవికి, తిరుగు ప్రయాణం లేని ఓడ ఎక్కడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! గ్లాస్ కంటే వాళ్ళ కథే నాకు పెద్దదనిపిస్తుంది.

1836లో ఎమిలీ అనే ఓడ పగిలి పీటర్ గ్రోయెన్ అనే డచ్చివాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పేరు గ్రీన్‌గా మార్చుకుని, తర్వాతి కాలంలో ఊరి పెద్దదిక్కు అయ్యాడు. హేగన్, రోజర్స్ అమెరికన్ తిమింగలాల వేట ఓడల మీద వచ్చినవాళ్ళు. స్వెయిన్ ఇంగ్లీషువాడు. 1892లో ఇటాలియా అనే బొగ్గు ఓడ తగలబడి ఒడ్డుకు చేరినప్పుడు రెపెట్టో, లవరెల్లో అనే ఇద్దరు ఇటాలియన్ నావికులు ఇక్కడే ఉండిపోయారు. గ్లాస్‌తో కలిపి ఈ ఏడు ఇంటిపేర్లే దీవిలో తరతరాలుగా నడిచాయి. పూర్వీకులు ఇంత కొద్దిమంది కావడం వల్ల ఒక ఇబ్బంది కూడా వారసత్వంగా వచ్చింది: ఉబ్బసం. జనంలో దాదాపు సగం మందికి ఆ లక్షణాలు కనిపించడంతో, 1990లలో కెనడా శాస్త్రవేత్తలు ఉబ్బసం జన్యువుల కోసం ఇక్కడికే వచ్చి పరిశోధించారు.

19వ శతాబ్దం మొదటి సగంలో ఊరికి రోజులు బాగానే గడిచాయి. తిమింగలాల వేట ఓడలు తరచూ వచ్చేవి. దీవివాళ్ళు బంగాళాదుంపలు, మాంసం, మంచినీళ్ళు ఇచ్చి పిండి, బట్ట, మేకులు, తాళ్ళు తీసుకునేవాళ్ళు. అంతా మార్పిడే, డబ్బుతో పనిలేదు. ఆ తర్వాత వరసగా దెబ్బలు. 1853లో గ్లాస్ చనిపోయాడు. వేట తగ్గింది. గ్లాస్ సంతానంలో చాలామంది అమెరికా వెళ్ళిపోయారు. 1857లో 45 మంది అక్కడి పాస్టర్‌తో పాటు కేప్ కాలనీకి తరలిపోయారు. మిగిలింది 28 మంది. మమకారం గురించి మొదట్లో నేనడిగిన ప్రశ్న ఇదే. వెళ్ళినవాళ్ళకూ అది పుట్టిన గడ్డే. కానీ గడ్డ మీద ఆదాయం లేదు, పెళ్ళీడు పిల్లలకు జోడు దొరకదు. అందుకే వెళ్ళారు.

తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో ఎన్నో వేట ఓడలు నాశనమయ్యాయి. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడకు గాలితో పనిలేదు, బ్రెజిల్ చుట్టు తిరగాల్సిన అవసరమూ లేదు. పెద్ద దారి పక్కనున్న ఊరు కాస్తా, ఏ దారీ వెళ్ళని ఊరైపోయింది. దీవి ఎక్కడికీ కదల్లేదు. మారుమూలతనమే దాని దగ్గరికి వచ్చింది.

దాని ఫలితం ఎంత ఘోరంగా ఉందో 1885 చెబుతుంది. ఊళ్ళో తిండికి కటకటగా ఉంది. అంతకుముందు 1882లో ఒక ఓడ పగిలినప్పుడు ఎలుకలు ఒడ్డెక్కి పంటను పాడుచేయడం మొదలుపెట్టాయి. 1885 నవంబరులో వెస్ట్ రైడింగ్ అనే ఓడ కనిపించగానే, ఎలాగైనా దాన్ని కలిసి సరుకు మార్చుకోవాలని పదిహేను మంది మగవాళ్ళు లైఫ్‌బోట్‌లో బయల్దేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. పనిచేసే మగవాళ్ళలో ఎక్కువమంది ఒక్క పూటలో పోయారు. ఊరు వితంతువుల ఊరైంది. ఓడలు రోజూ వచ్చే కాలమైతే, ఈ ఓడ కాకపోతే ఇంకోటి అని ఊరుకునేవాళ్ళు కదా. అది ప్రకృతి విపత్తుగానే రాస్తారు. నాకైతే ఓడల దారి మారడం వల్ల జరిగిన చావులే అనిపిస్తుంది.

20వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వం వచ్చి "మిమ్మల్ని కేప్‌కు తీసుకెళ్తాం, అక్కడ స్థిరపడండి" అంది. ఎక్కువమంది రామన్నారు. ఆకలి ఉన్నా ఎందుకు రామన్నారు? నాకు తోచిన కారణాలు రెండు. వెళ్ళాలనుకున్నవాళ్ళు 1857 నాటికీ ఆ తర్వాతా ఎలాగూ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఉండటానికి నిర్ణయించుకున్నవాళ్ళ సంతానం. రెండోది, కేప్‌లో వాళ్ళకు దొరికేది ఒకరి కింద కూలి. ఇక్కడ పస్తున్నా ఒకరి చేతికింద బతుకు కాదు. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. యుద్ధం ముగిసిన సంగతి 1919లో యార్మత్ అనే యుద్ధనౌక వచ్చాక గానీ తెలియలేదు.

ఆ కాలపు బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి వాళ్ళ పడవ ఒక్కటి చాలు. దీవిలో దూలానికి పనికొచ్చే చెట్లు లేవు. కొట్టుకొచ్చిన చెక్కలు, వంకర తిరిగిన చిన్న కొమ్మలతో పడవకు ఎముకల గూడు కట్టి, దానిమీద చెక్కకు బదులు కాన్వాసు గుడ్డ బిగించి, నీరు చొరకుండా రంగు పూసేవాళ్ళు. రూపం మాత్రం తిమింగలాల వేట పడవలదే. ఆ గుడ్డ పడవల్లో తెరచాప ఎత్తి, ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలోని నైటింగేల్ దీవికి వెళ్ళి పక్షుల గుడ్లు, వంటకు పక్షుల కొవ్వు, బంగాళాదుంప మళ్ళకు రెట్ట ఎరువు తెచ్చుకునేవాళ్ళు. తేలిగ్గా ఉండటం వల్ల అలల మధ్యలో ఒడ్డుకు లాగడం సులువు. మంచి రేవు లేని చోట అంతకంటే తెలివైన పడవ కట్టలేం.

రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో బ్రిటిష్ నౌకాదళం ఇక్కడ రహస్య వైర్‌లెస్ కేంద్రం పెట్టింది. దీవివాళ్ళు మొదటిసారి జీతం డబ్బు చూసింది అప్పుడే. అంతవరకు లెక్కంతా బంగాళాదుంపల్లోనే. 1946లో పోస్టల్ స్టాంపులు కావాలని వాళ్ళు పెట్టుకున్న అర్జీకి జతచేసిన నమూనా స్టాంపు మీద ఒక పెన్నీ ధరతో పాటు "4 బంగాళాదుంపలు" అని కూడా వేశారు. స్టాంపులు సేకరించేవాళ్ళకు ఇది బాగా తెలిసిన ముచ్చటే. అసలు స్టాంపులు 1952లో వచ్చాయి. వాటి అమ్మకం దీవికి ఆదాయ మార్గమైంది.

కానీ ఊరిని నిలబెట్టింది స్టాంపులు కాదు, లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యలాంటి సముద్ర జీవి. చుట్టూ ఉన్న సముద్రపు నాచులో ఒక రకం లాబ్‌స్టర్ విపరీతంగా ఉంటుంది. 1948లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన బృందం అది వ్యాపారానికి పనికొస్తుందని తేల్చింది. మరుసటి ఏడు కంపెనీ మొదలైంది, ఊరి పక్కనే డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వచ్చింది. ఎనభై ఏళ్ళ తర్వాత దీవికి మళ్ళీ ఓడ రావడానికి ఒక కారణం దొరికింది. ఈసారి దారిలో ఆగడం కాదు, దీవి కోసమే రావడం. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇక 1961. ఆగస్టు నుంచి భూమి కంపించడం మొదలైంది. కొండచరియల నుంచి రాళ్ళు దొర్లేవి, తలుపులు బిగుసుకుపోయేవి. అక్టోబరులో ఊరికి కూతవేటు దూరంలో నేల పగిలి, ఉబ్బి, లావా పైకి రావడం మొదలైంది. అందరూ ముందు బంగాళాదుంప మళ్ళ వైపు వెళ్ళి ఆ రాత్రి అక్కడే గడిపి, మర్నాడు పడవల్లో, చేపల ఓడల్లో నైటింగేల్ చేరారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. చిసడానే అనే డచ్చి ఓడ వాళ్ళను కేప్‌టౌన్‌కు చేర్చింది. అక్కడి నుంచి మరో ఓడలో నవంబరు మొదట్లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్. దీవివాళ్ళు 264 మంది. కొన్నాళ్ళు సర్రే ప్రాంతంలో ఒక క్యాంపులో, తర్వాత సౌతాంప్టన్ దగ్గరి కాల్‌షాట్‌లో ఖాళీగా ఉన్న వైమానిక దళం క్వార్టర్లలో ఉంచారు.

పత్రికలు వాళ్ళను ఆదిమానవుల్లా రాశాయి. నిజానికి వాళ్ళు ఇంగ్లీషు మాట్లాడే క్రైస్తవులు, పదేళ్ళకు పైగా ఫ్యాక్టరీ జీతాలు చూసినవాళ్ళు. ఇంగ్లండ్‌లోనూ మగవాళ్ళు, ఆడపిల్లలు ఉద్యోగాల్లో చేరారు. బాగానే పనిచేశారు. ఇబ్బంది వేరే చోట వచ్చింది. దీవిలో లేని జలుబులు, జ్వరాలు ఆ చలికాలంలో పట్టుకున్నాయి, కొందరు ముసలివాళ్ళు చనిపోయారు. డాక్టర్లు, పరిశోధకులు, విలేకరులు అదేపనిగా వచ్చి చూసిపోయేవాళ్ళు. వాళ్ళకు పనిలో పైవాడు అనేవాడు కొత్త, తలుపుకు తాళం వేయడం కొత్త. ప్రభుత్వం మాత్రం కొన్నాళ్ళకు అలవాటు పడతారులే అనుకుంది.

ఈలోగా 1962 మొదట్లో రాయల్ సొసైటీ అనే బ్రిటన్ శాస్త్ర సంస్థ పంపిన శాస్త్రవేత్తల బృందం దీవిని పరిశీలించడానికి వెళ్ళింది. లావా ఫ్యాక్టరీని, పడవలు దించే రేవులను మింగేసింది గానీ ఇళ్ళు చాలావరకు అలాగే ఉన్నాయని తేలింది. ఇది తెలిశాక దీవివాళ్ళు ఊరుకోలేదు. సెప్టెంబరులో పన్నెండు మంది మగవాళ్ళు ముందుగా వెళ్ళి కప్పులు బాగుచేశారు, దుంపలు నాటారు. డిసెంబరులో ప్రభుత్వం ఓటింగ్ పెట్టింది. తిరిగి వెళ్ళడానికి 148, ఉండిపోవడానికి 5. 1963లో రెండు విడతలుగా దాదాపు అందరూ వెళ్ళిపోయారు.

ఇది మమకారమే అని మళ్ళీ అనొచ్చు. కానీ ఒకసారి సెయింట్ కిల్డాతో పోల్చి చూడండి. స్కాట్లండ్ పడమటి దీవులకు అరవై ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ దీవిలో శతాబ్దాలుగా జనం ఉన్నారు. 1697 ప్రాంతంలో సుమారు 180 మంది. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందీ తమంతట తామే అర్జీ పెట్టుకుని శాశ్వతంగా ఖాళీ చేశారు. వాళ్ళకు మమకారం తక్కువా? కాదు. పడుచువాళ్ళు వెళ్ళిపోయి పడవ లాగడానికే చేతులు చాలని స్థితి. నేల భూస్వామిది, శిస్తు ఈకల్లోనూ నేత బట్టలోనూ కట్టిన చరిత్ర. అమ్ముకోవడానికి తమదంటూ గట్టి సరుకు లేదు. ట్రిస్టన్ వాళ్ళకు 1962లో ఈ మూడూ ఉన్నాయి: రెండు వందల అరవై మంది జనం, తమదే అయిన నేల, సముద్రంలో లాబ్‌స్టర్. ఫ్యాక్టరీ పోయినా, పట్టిన సరుకును ఓడలోనే గడ్డకట్టించి తీసుకెళ్ళగల కంపెనీ ఓడలు ఉన్నాయి. వాళ్ళ ఓటులో ప్రేమ ఎంతో, లెక్క అంత. తిరిగి వెళ్ళినవాళ్ళలో కూడా కొందరు 1966లో మళ్ళీ ఇంగ్లండ్ వచ్చేశారు, వాళ్ళలో కొందరు మళ్ళీ దీవికి వెళ్ళారు. బలమైన సెంటిమెంటు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని గీత గీయలేం.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1960లలోనే కొత్త ఫ్యాక్టరీ, 1967లో చిన్న హార్బరు వచ్చాయి. హార్బరుకు ఇంగ్లండ్‌లో తాము ఉన్న చోటు పేరే, కాల్‌షాట్ అని పెట్టుకున్నారు. 2001లో తుఫాను చాలా ఇళ్ళ కప్పులు ఎగరగొట్టింది. 2008లో ఫ్యాక్టరీ తగలబడింది, మళ్ళీ కట్టారు. 2011 మార్చిలో ఒలీవా అనే సరుకు ఓడ నైటింగేల్ దీవి రాళ్ళకు గుద్దుకుని చమురు ఒలికితే, సిబ్బందిని కాపాడాక దీవివాళ్ళు చమురు అంటిన పెంగ్విన్లను వేలల్లో ఊరికి తెచ్చి, ఊరి ఈతకొలనునే ఖాళీ చేసి వాటికిచ్చారు. 2020లో చుట్టూ దాదాపు 6,87,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. లాబ్‌స్టర్ వేటకు మాత్రం దీవుల చుట్టూ కొంత భాగం విడిచిపెట్టారు.

వేట రోజు ఇప్పటికీ మోగే గంటతో మొదలవుతుంది. తెల్లవారుజామున సముద్రం నెమ్మదిగా ఉంటే వేలాడదీసిన పాత గ్యాస్ సిలిండర్‌ను కొడతారు. అది వినగానే ఉన్న పని ఉన్నచోట వదిలి పడవల దగ్గరికి పోతారు, సాయంత్రం ఫ్యాక్టరీలో శుభ్రం చేయడానికి మిగతావాళ్ళు చేరతారు. గంట మోగని రోజులే ఎక్కువ.

మీ మూడో ప్రశ్న: అక్కడ స్థిరపడటం కుదరదు. భూమి కొనలేరు, ఇల్లు కొనలేరు. డాక్టరుగానో టీచరుగానో ఒప్పందం మీద కొన్నాళ్ళు పనిచేయడానికి బయటివాళ్ళను తీసుకుంటారు. చూడటానికి వెళ్ళాలంటే ముందుగా దీవి కౌన్సిల్ అనుమతి, తిరుగు టికెట్టు, డబ్బు, ఆరోగ్య బీమా ఉండాలి. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఏడాదికి కొన్నిసార్లే ఓడ, దాదాపు వారం ప్రయాణం, సీట్లలో మొదటి హక్కు దీవివాళ్ళది. అన్నీ కుదిరి ఊరి ముందు లంగరు వేసినా, అలలు పెద్దగా ఉంటే రోజుల తరబడి ఓడలోనే ఉండాల్సి వస్తుంది. సెలవు అడిగేటప్పుడు ఆ రోజులు కూడా కలిపి అడగండి.